ఈత మేడమ్ సంతకం

పదహారేళ్లు పరంజా ఎక్కి దిగినవాడికి కావలసింది విశ్రాంతి అని ఎవరండీ అన్నది? తప్పు! అతనికి కావలసింది ఉపన్యాసం. అదీ ఇంగ్లీషులో, ప్రొజెక్టర్ పెట్టి, ఉన్న ఒక్క సెలవు ఆదివారం పొద్దున్నే!

నమ్మరా? అయితే దుబాయ్ అల్ ఖూజ్‌లోని ఒకానొక లేబర్ క్యాంపు సంగతి వినండి. అక్కడి కంపెనీ ఈమధ్య వర్కర్ల క్షేమం గురించి తీవ్రంగా ఆలోచించింది. గదికి ఎనిమిది మంచాలు ఎక్కువయ్యాయా? ఛ, కాదు. ఏసీలోంచి మంచం మీదికి నీళ్లు కారుతున్నాయా? ఎండాకాలంలో అదో భోగం. అసలు లోటు మోటివేషన్‌లో ఉందని హెచ్చార్ ఆఫీసర్ పెద్దిరాజు గారు కనిపెట్టారు. భీమవరం బుర్ర మరి! వెంటనే కార్లీ డాన్‌ఫోర్త్ అనే అమెరికన్ ఈతగత్తెను పిలిపించారు. ఒలింపిక్స్‌లో పతకాలు కొట్టి, ఈత మానేసి, ఇప్పుడు దుబాయ్‌లో ఉపన్యాసాలిస్తున్న మనిషి ఆవిడ.

ఈ మోటివేషన్ కరువుకు పెద్ద ఉదాహరణ మన భోజన్నే. జగిత్యాల వైపు మనిషి, యాభై రెండేళ్లు. మోకాళ్లు అరిగిపోయాయి. వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపండంటూ తెలుగులో ఒక కాగితం రాయించుకుని ఎనిమిది నెలలుగా జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. దాని మీద పెద్దిరాజు గారి సంతకం పడితే చాలు, విమానం ఎక్కొచ్చు. ఆయనేమో "ఈ ప్రాజెక్ట్ అయ్యాక చూద్దాంలేవయ్యా" అంటారు. ఒక ప్రాజెక్ట్ అయ్యేలోపు ఇంకొకటి మొదలవుతుంది. ఊళ్లో భార్య కిష్టవ్వ ఫోన్లో బాగున్నావా అని అడగడం కూడా మానేసింది. "సంతకమైందా?" అని ఒకటే ప్రశ్న.

చూశారా, ఎంత నిరాశావాదమో!

ఆ ఆదివారం మెస్ హాల్లో రెండు వందల మందిని కూర్చోబెట్టారు. కార్లీ మేడమ్ చెబుతుంటే, ఆర్మూర్ నుంచి వచ్చిన టైమ్‌కీపర్ ప్రమోద్ తెలుగు చేస్తున్నాడు. భోజన్న కాగితం రాసిపెట్టిందీ అతనే.

"మేడం పద్నాలుగేండ్లు రోజు పొద్దుగాల నాలుగింటికి లేసిందట!"

హాల్లో అయ్యో అన్నారు. కంపెనీ బస్సు నాలుగింటికే వస్తుంది కాబట్టి మనవాళ్లు మూడున్నరకే లేస్తారు. అయినా జాలి జాలే కదా! రోజూ అదే తిండి తిన్నదట. అందరూ ఒకసారి వంటశాల వైపు చూసి తలలూపారు. తమ్ముడి పెళ్లికి పోలేకపోయిందట. భోజన్న ఇద్దరు తమ్ముళ్ల పెళ్లిళ్లకు పోలేదు. కరోనా ఏడాది తల్లి చితిని ఫోన్లో చూశాడు. గట్టు మీద నిలబడి కోచ్ ఒకడు విజిల్ ఊదుతూ తిట్టేవాడట.

"ఫోర్‌మ్యానే!" అన్నారు వెనకనుంచి.

భోజన్నకు కళ్లు చెమర్చాయి. అతనికీ ఈత వచ్చు. ఏడేళ్లప్పుడు తండ్రి వీపుకు సొరకాయ బుర్ర కట్టి పొలం బావిలోకి తోశాడు. ఆకలైతే ఒడ్డుకొచ్చేవాడు, పతకాల ఊసే లేదు. ఈ పిల్లకు నీళ్లలో కూడా డ్యూటీ పడిందే అని అతని బాధ. "గింత చిన్నపిల్లకు గన్ని తిప్పలా బిడ్డా" అని పైకే అనేశాడు.

అప్పుడు మేడమ్ గొంతు తగ్గించింది. ఇరవై ఏడో ఏట భుజం నొప్పి పట్టుకుందట. "ఒళ్లు ఇక చాలు అంది, నేను దాని మాట విన్నాను, ఆగిపోవడానికీ ధైర్యం కావాలి" అన్నది. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టినవారు ఎవరనుకున్నారు? పెద్దిరాజు గారే! లేచి నిలబడి మరీ కొట్టారు.

భోజన్న చెయ్యెత్తాడు. "మేడం, నువ్వు ఇగ సాలు అన్నప్పుడు మీ ముదీర్ నిన్ను ఎన్ని నెలలు తిప్పిండు?"

ముదీర్ అంటే అక్కడి భాషలో మేనేజరు. ప్రమోద్ పెద్దిరాజు గారి వైపు చూసి, ఎలాగో ఇంగ్లీషు చేశాడు. మేడమ్ పకపకా నవ్వింది.

"ఎవ్వల్ని అడగలేదట" అన్నాడు ప్రమోద్. "మంగళారం సాలనుకున్నదట. బుధారం పదింటిదాక పండుకున్నదట."

పతకాలకు రాని చప్పట్లు ఆ పదింటి నిద్రకు వచ్చాయి!

ఉపన్యాసాల శక్తిని శంకించేవాళ్లు ఇది గమనించాలి. వంగని మోకాళ్లతో భోజన్న లేచి, స్టేజీ మెట్లెక్కి, జేబులో కాగితం తీసి పెద్దిరాజు గారి ముందు పెట్టాడు. ఎదురుగా కంపెనీ ఫోటోగ్రాఫర్ కెమెరా ఉంది.

"సార్, ఆగుడు గూడ ధైర్యమేనంటే మీరే సప్పట్లు గొట్టిండ్రు. నాకు గూడ గింత ధైర్యమియ్యిండ్రి."

పెద్దిరాజు గారు చిరునవ్వు చెదరనివ్వలేదు. "మేడమ్ గారూ, మీకు పెద్ద ఫ్యానండీ ఈయన. ఆటోగ్రాఫ్ కావాలంట" అని ఇంగ్లీషులో చెప్పి కాగితాన్ని అటు జరిపారు. పాపం, తెలుగు రాని ఆవిడకేం తెలుసు? మార్కర్ తీసి, కాగితం నిండా ఈ చివరినుంచి ఆ చివరికి 'ఎన్నటికీ వదిలిపెట్టొద్దు! ప్రేమతో, కార్లీ' అని రాసేసింది. ఫోటో పడింది. మళ్లీ చప్పట్లు!

మర్నాడు భోజన్న ఆఫీసుకు వెళ్లేసరికి కాగితం అద్దాల ఫ్రేములో, గోడ మీద ఉంది.

"సార్, నా కాయితం..."

"ఒలింపిక్స్ సంతకమయ్యా బాబూ! గోడమీంచి తీయమంటావేంటి? కావాలంటే కొత్తది రాసుకో, ఈ ప్రాజెక్ట్ అయ్యాక చూద్దాం."

కాబట్టి పాఠకులారా, ఎవరికైనా మోటివేషన్ తగ్గితే అల్ ఖూజ్ వెళ్లి ఆ ఫ్రేము దర్శించుకోండి. వచ్చిన క్లయింట్లందరూ దాని పక్కన నిలబడి సెల్ఫీ దిగుతున్నారు. మార్కర్ గీతల కింద ప్రమోద్ బాల్‌పెన్నుతో రాసిన రెండు లైన్లు ఇంకా స్పష్టంగానే కనిపిస్తున్నాయి: 'నా మోకాళ్లు పనిచేయడం లేదు. దయచేసి నన్ను ఇంటికి పంపించండి.'