అరువు రోగి నాడి

ఢిల్లీలో సివిల్స్‌కు చదువుతున్న హేమసుందర్ ఆ రోజు పెట్టుకున్నది చాలా చిన్న పని. మధ్యాహ్నం దాకా ఆసుపత్రి మంచం మీద పడుకోవడం, ఆ తరవాత అశోకా రోడ్‌లో కడుపునిండా ఆంధ్రా భోజనం. బేర్ సరాయ్‌లో అతని గదికి పైగదిలో ఉండే కస్తూరి నర్సింగ్ కాలేజీ టీచరు. ప్రాక్టికల్ పరీక్షకు చూసిపెట్టుకున్న రోగి పొద్దున్నే ఇంటికి వెళ్ళిపోయాడట. అతని బదులు ఇతను.

"నువ్వేం నటించక్కర్లేదు తమ్ముడూ. పిల్లలు నాడి చూస్తారు, అంతే. అయ్యాక ఇద్దరం భోజనానికి వెళ్దాం." ఆటోవాడితో బేరమాడుతూనే ఆమె అతని నాడి చూసింది. డెబ్బై రెండు.

పరీక్షలో మొదటి అమ్మాయి మణికట్టు మీద మెత్తగా వేళ్ళు ఆనించి, "భయ్యా, రాత్ కో నీంద్ ఆయీ?" అని రాత్రి నిద్ర సంగతి అడిగింది. తొంభై ఆరు వచ్చింది. రెండో అమ్మాయి దుప్పటి సర్ది చెయ్యి పట్టుకుంది. నూట రెండు. మూడో అమ్మాయి ప్రవల్లిక, కంటోన్మెంట్‌లో హవల్దారు గారి కూతురు. కిందటిసారి తప్పింది. ఈసారీ తప్పితే చదువు ఆగిపోయినట్టే.

"అన్నయ్యా, పొద్దున ఏమైనా తిన్నారా?" అంది తెలుగులో. నూట పద్నాలుగు.

బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షాధికారి మేడం, జేబుదొంగను పట్టుకున్నట్టు అతని చెయ్యి పట్టుకుని లెక్కపెట్టింది. డెబ్బై రెండు.

"తీనో ఫెయిల్!" ముగ్గురూ తప్పారని తేల్చేసింది.

"ఊపిరి గానీ బిగబడుతున్నావా ఏంటి?" అంది కస్తూరి గుసగుసగా.

"ఒట్టక్కా, లేదు."

మనసు కుదుటపడాలని అతను కళ్ళు మూసుకుని రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులు వల్లించసాగాడు. కదిలే పెదవులు చూసి సంధి ప్రేలాపన అనుకున్న మేడం గుండె డాక్టరుకు కబురంపింది. ఆయన వచ్చి ఛాతీకి తీగలు తగిలించాడు. గుండె గుండ్రాయిలా ఉందని చెప్పి వెళ్ళిపోయాడు.

ప్రవల్లిక కళ్ళు తుడుచుకుంది. "మేడం, నేనీ చెయ్యి పట్టుకుంటాను. మీరా చెయ్యి చూడండి."

ఆమె పట్టుకుంటే నాడి ఎగిసింది. వదిలితే దిగింది. మేడం తన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని చూసుకుంది.

"క్యా బాత్ హై, బేటా?" అని సంగతేమిటో అడిగింది.

హేమసుందర్ పైకప్పు కేసి చూస్తూ తెలుగులోనే అన్నాడు. "ఢిల్లీ వచ్చి రెండేళ్ళయింది. ఇవాళ్టి దాకా నా చెయ్యి పట్టుకున్నది బస్సు కండక్టరొక్కడే. అదీ దింపెయ్యడానికి."

 ఆ మాటలు మేడంకు ప్రవల్లికే హిందీలో చెప్పింది. మేడం కాగితం మీద ఫెయిల్ కొట్టేసి ముగ్గురినీ పాస్ చేసింది.

భోజనానికి కస్తూరికి తీరిక దొరకలేదు. అతనొక్కడే వెళ్ళి తిని వచ్చాడు. సాయంత్రం మెట్ల మీద కనిపిస్తే, "మళ్ళీ పరీక్షలెప్పుడక్కా? నేనొస్తాను," అన్నాడు.

"నీ నాడి నమ్మదగ్గది కాదట తమ్ముడూ. వేరే ఎవర్నైనా చూసుకోమన్నారు."

ప్రిలిమ్స్‌లో రెండుసార్లు తప్పిన హేమసుందర్, రోగిగా కూడా గట్టెక్కలేకపోయాడు.