మిషన్‌కు సోమవారం

"బాపూ, కాఫీ మిషన్ కడుగుట్ల రంగారెడ్డి జిల్లా మొత్తంల నన్ను మించినోళ్లు లేరు," అంది జెరూషా, చేతిలో తడిగుడ్డతో.

మొగులయ్య మెచ్చుకోలుగా తలూపి, పాలకు నురగ పట్టించే ఆవిరి గొట్టాన్ని ప్రేమగా నిమిరాడు. ఎండిన పాల పెచ్చు ఒకటి, పాత గోడ సున్నంలా ఊడి ఆయన అరచేతిలో పడింది.

"ఇదేంది బిడ్డా?"

"కంపెనీ పూత బాపూ. ఇటలీల గట్లనే ఏస్తరు," అంది జెరూషా, రెప్ప వాల్చకుండా.

జెరూషాకు ఇరవై రెండేళ్లు. నవ్వకుండా అబద్ధం చెప్పడంలో ఆమెకు చిన్నప్పటి నుంచే సాధన ఉంది. సండే స్కూల్లో అబద్ధమాడొద్దనే తొమ్మిదో ఆజ్ఞ దగ్గర టీచరు ఆమెను రెండేళ్లు ఆపేసింది. సాతంరాయిలో, బెంగుళూరు హైవే పక్కన తండ్రి మొగులయ్య పెట్టిన కాఫీ షాపులో మిషన్ నడిపేది ఆమే. ఎయిర్‌పోర్టు వచ్చినప్పుడు మొగులయ్య పొలం పోయింది. పొలం లేక ఎడ్లనూ అమ్మేశాడు. తర్వాత పట్నంలో మూతబడిన ఒక హోటల్ నుంచి ఈ పాత ఎస్‌ప్రెస్సో మిషన్ కొనుక్కొచ్చి, పొద్దున లేవగానే దాని వీపు తట్టి గానీ మొహం కడుక్కోవడం లేదు.

నిజానికి మిషన్ కడగడం పెద్ద పనేం కాదు. రోజూ కొట్టు మూసేముందు హ్యాండిల్‌లో ఉన్న చిల్లుల గిన్నె తీసి, చిల్లుల్లేని గిన్నె పెట్టాలి. చిటికెడు తెల్లపొడి వేసి పదిసార్లు నీళ్లు వదలాలి. దారి దొరకని నీళ్లు వెనక్కి తన్ని లోపలి కాఫీ జిడ్డునంతా బయటికి తెస్తాయి. మొత్తం పావుగంట పని. మూడు రోజుల ట్రైనింగ్‌లో ఇదంతా నేర్చుకున్న జెరూషా, ఒక వారం శ్రద్ధగా చేసింది. ఎనిమిదో రోజు నుంచి ఆ పావుగంట ఇంగ్లీషు పుస్తకానికి పోయింది. ఎయిర్‌పోర్టు లోపల కాఫీ కౌంటర్లో ఉద్యోగం, మెడలో పాసు, ఇంటి ముందుకొచ్చే వ్యాను. ఆమెకున్న కోరిక అదొక్కటే.

"పూత సరేగని, నువ్వు కడుగంగ నేనెన్నడు సూడకపోతి," అన్నాడు మొగులయ్య, పెచ్చును ఇంకా పట్టుకుని.

"రోజు కడుగుడు కాదు బాపూ. వచ్చే సోమారం నుంచి దినమంత కడుగుడే. ఆ ఒక్క దినం మిషన్‌ను పనికి పెట్టొద్దు. ఇటలీల సోమారం మిషన్ ముట్టనే ముట్టరు."

తిడతాడనుకుంది. మొగులయ్య మెల్లగా బల్ల మీద కూలబడ్డాడు.

"సోమారమా? మన ఎడ్లకు లెక్కనే! మా తాత జమానా నుంచి సోమారం నాగలి కట్టం. ఎడ్లు పోయినంక నాకు సోమారమేందో బేస్తారమేందో తెల్వకుంట అయింది." ఆయన కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "గా ఇటలోళ్లు సుత మనసొంటి రైతులే ఉన్నట్టున్నరు."

ఎదుటివాళ్లు ఇంత తేలిగ్గా నమ్మితే అబద్ధం ఆడినవాళ్లకు కూడా ఇబ్బందిగానే ఉంటుంది. ఆ ఇబ్బంది జెరూషాకు ఆదివారం సాయంత్రం దాకా ఉంది.

సోమవారం షట్టర్ సగం దించి, ఫ్యాను కింద పుస్తకం తెరిచింది. ఇంతలో మొగులయ్య బకెట్టు, పీచు పట్టుకుని వచ్చాడు.

"వద్దు బాపూ! విప్పినప్పుడు మందిని రానియ్యొద్దు. దాని మీద నీడ పడొద్దు."

"గంతేనంటవా?" అని ఆయన వినయంగా వెనక్కి తగ్గి, బయట ఎండలో స్టూలేసుకుని, ఒళ్లో కర్ర పెట్టుకుని కాపలా కూర్చున్నాడు. వచ్చినవాళ్లకల్లా అదే మాట: "ఇయ్యాల మిషన్‌కు సోమారం."

పక్కన పంక్చర్ షాపు కుర్మయ్య ఆ మాట విని తన కంప్రెసర్ వైపు చూశాడు. తొమ్మిదేళ్లుగా అది ఒక్క పూట ఊపిరి తీసుకున్నది లేదు. మరుసటి సోమవారం దాని మీద గోనెపట్టా కప్పేశాడు. మూడో వారం బిక్షం పిండి గిర్ని ఆగింది. నాలుగో వారం రేణుకమ్మ జిరాక్సు మిషన్ మీద కొత్త తువ్వాలు కప్పింది. పదో వారానికి ఆ వరసలో సోమవారం నాడు లారీ చక్రాలు తప్ప ఏదీ తిరగడం లేదు. విమానాలు కూడా కాస్త మొహమాటంగానే దిగేవి.

ఇన్ని మిషన్లకు విశ్రాంతి ఇప్పించిన మిషన్ మాత్రం లోపల్లోపల నల్లబడుతోంది. ఒకాయన కాఫీ ఒక గుక్క తాగి, దగ్గర్లో దవాఖాన ఎక్కడుందని అడిగాడు. "మాది జర స్ట్రాంగ్ ఉంటది సారూ," అన్నాడు మొగులయ్య గర్వంగా.

పదకొండో సోమవారం పొద్దున్నే జెరూషాకు ఫోనొచ్చింది. ఎయిర్‌పోర్టు కాఫీ కౌంటర్ మేనేజర్ సరిత.

"ఇవాళ పదకొండింటికి ఇంటర్వ్యూ అమ్మా. సర్టిఫికెట్లు రెండు సెట్లు జిరాక్సు తీయించుకుని రండి."

జెరూషా ఎగిరి స్కూటీ ఎక్కింది. ముందు టైరు నేలకు అతుక్కుపోయి ఉంది.

"కుర్మయ్యన్నా, జర జల్ది గాలి కొట్టు!"

"సోమారం గద చెల్లే," అన్నాడు కుర్మయ్య, కంప్రెసర్ నిద్ర చెడుతుందేమో అన్నట్టు గొంతు తగ్గించి. "నువ్వు సెప్పినదే కదా."

"ఒక్క టైరన్నా!"

"మొదలు ఒక్క టైరే అంటరు."

రేణుకమ్మ తువ్వాలు కూడా ఎత్తలేదు. "రేపు రా జెరూషా. ఇటలీల సుత ఇయ్యాల తియ్యరాయె."

జెరూషా సరిత మేడంకు ఫోన్ చేసి బండి సంగతి చెప్పింది.

"ఏం పర్లేదమ్మా, నేనింకా సిటీలోనే ఉన్నాను, కొత్తూరు వెళ్లాలి. దారిలో మీ షాపు దగ్గరే ఆగుతాను. మీరు రోజూ వాడే మిషన్ మీదే చేసి చూపిద్దురు గాని. ఇంకా మంచిది కదండీ!"

జెరూషా లోపలికి పరుగెత్తి, మిషన్ హ్యాండిల్ పట్టి లాగింది. రాలేదు. రాత్రంతా చల్లారి గడ్డకట్టిన నెలల జిడ్డు దాన్ని వెల్డింగ్ చేసినట్టు పట్టుకుంది. కాలు గోడకు తన్నిపెట్టి లాగుతుండగా బయట కారు ఆగింది.

"జెరూషా గారు ఉన్నారాండీ?"

"ఉన్నది. గని లోపటికి పోవద్దమ్మా. మిషన్‌కు సోమారం."

"నేను ఆ మిషన్ చూడ్డానికే వచ్చానండీ."

"మా ఇంటామెనే పదకొండు వారాలసంది చూడనియ్యలే. నువ్వు రేపు రా తల్లీ," అంటూ మొగులయ్య కర్ర అడ్డం పెట్టిన చప్పుడు.

షట్టర్ వెనక జెరూషా హ్యాండిల్ వదిలేసింది. మేడం లోపలికొస్తే పరువు పోతుంది. వెనక్కి పోతే ఉద్యోగం పోతుంది. మేడం "సరేలెండి" అంటూ కారు తలుపు తీసిన శబ్దం వినగానే, షట్టర్ పైకి లేపేసింది.

సరిత లోపలికొచ్చి, బ్యాగులోంచి రబ్బరు సుత్తి తీసి రెండు దెబ్బలు వేసి హ్యాండిల్ ఊడదీసింది. వేలు పెట్టి చూస్తే రోడ్డు తారులాంటిది వేలి నిండా వచ్చింది.

"దీన్ని ఎప్పుడు కడిగారండీ?"

"సోమారం సోమారం, పొద్దుమూకేదాంక," అన్నాడు మొగులయ్య. "నేనే కావలున్న."

సోమవారం కాబట్టి ఎవరికీ పనిలేదు. కుర్మయ్య, బిక్షం, రేణుకమ్మ అందరూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. జెరూషా నోటికి రెండు మంచి అబద్ధాలు వచ్చాయి. కానీ మొగులయ్య నుదురు మీద, పదకొండు సోమవారాల ఎండకు కమిలిన చారికలు కనబడ్డాయి.

"కడుగలే బాపూ," అంది. "ఒక్క సోమారం సుత కడుగలే. సోమారం రూల్ లేదు. నేను ఫ్యాను కింద సదువుకున్న, పండుకున్న."

మొగులయ్య కర్ర గోడకు ఆనించి, చేతులు పైకి మడుచుకున్నాడు.

"ఎట్ల కడుగుతరో ఇప్పుడన్న సూపెట్టు బిడ్డా."

అందరి ముందూ కడిగింది. గిన్నె మార్చి, పొడి వేసి నీళ్లు వదిలితే మొదట నలుపు, తర్వాత బెల్లం రంగు, ఇరవయ్యోసారికి తేట నీళ్లు వచ్చాయి. ఆవిరి గొట్టాన్ని మొగులయ్య పీచుతో, ఎద్దు కొమ్ము తోమినంత నెమ్మదిగా తోమాడు. కొత్తగా దించిన కాఫీ సరిత చివరి చుక్క దాకా తాగింది.

"పని బాగా వచ్చమ్మా మీకు. అదే నాకు భయంగా ఉంది," అంది కప్పు పెడుతూ. "రానివాళ్లకైతే నేర్పుకుంటాం. ఇప్పుడైతే ఉద్యోగం లేదు. మూణ్నెల్లు రోజూ కడగండి. చెప్పకుండా వచ్చి హ్యాండిల్ విప్పి చూస్తాను. అప్పుడు మాట్లాడుకుందాం."

కారు వెళ్లాక జెరూషా తల దించుకుని, "అన్నా, ఇగ కంప్రెసర్ ఏస్కో. అక్కా, మీరు సుత. తప్పు నాదే," అంది.

కుర్మయ్య కదల్లేదు. తొమ్మిదేళ్ల తర్వాత ఈ మధ్యే నడుం నొప్పి తగ్గింది. రేణుకమ్మకు మధ్యాహ్నం నిద్ర అలవాటైంది. చివరికి బిక్షమే తేల్చేశాడు:

"అబద్ధం నీది గని పోరీ, సోమారం మాది."

మొగులయ్య కూడా స్టూలు తీసుకుని వాళ్ల పక్కకే పోయి కూర్చున్నాడు. అప్పటి నుంచి ఆ వరసలో సోమవారం నాడు అందరూ కాళ్లు చాపుకుని కూర్చుంటారు, వాళ్లందరికీ జెరూషా కాఫీ చేసి పోస్తుంది.