అత్తగారు కదలకూడదు

ఆమెకున్న భయాల్లోకెల్లా పెద్దది ఇదీ: ఏదో ఒక సాయంత్రం కూతురు లెక్కల పుస్తకం తెచ్చి ఒళ్ళో పడేస్తుంది, "అమ్మా, ఇది చెప్పు" అంటుంది, తనకు రాదు. కూతురు చదువుతున్నది ఒకటో తరగతి. ఆమె చదువు ఆగిపోయింది తొమ్మిదిలో. అంటే ఇంకా బోలెడు గడువుంది. కానీ భయపడేవాళ్ళు గడువులు చూసుకుని భయపడరు కదా. అందుకే ప్రైవేటుగా పదో తరగతికి కట్టింది. అన్నీ గట్టెక్కాయి, లెక్కలు తప్ప. మళ్ళీ పరీక్ష తొమ్మిది రోజుల్లో ఉంది. ఎంతకీ కొరుకుడు పడనిది త్రికోణమితి. ఆ పాఠాన్నే ఆ రోజు పదకొండింటికి, ఊరికే వచ్చే పాఠాల చానల్లో చెప్పబోతున్నారు.

కాబట్టి పొద్దున్నే వేసుకున్న పథకం చాలా సులువైనది. ఎనిమిదికల్లా వంట, తొమ్మిదికల్లా పిల్ల బడికి, పదికల్లా డాబా మీద డిష్, పదకొండుకల్లా నోటుబుక్కు, పెన్ను. డిష్ పని భర్త మీదేసుకున్నాడు. ఆయన కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలు అరగదీస్తాడు.

"అర డిగ్రీ తేడా వచ్చినా నా చేతికి తెలిసిపోతుంది. ఇంత మూకుడు తిప్పడం ఒక లెక్కా?" అన్నాడు.

ఆయనకు చిన్నప్పుడే సైంటిస్టు అని పేరు పెట్టింది కన్నతల్లి. గోడ గడియారం విప్పి, మళ్ళీ బిగించి, మూడు మరలు మిగిల్చిన రోజున.

డాబా మీద సైంటిస్టు, మెట్ల మధ్యలో ఆమె, టీవీ ముందు అత్తగారు. అత్తగారు తెర మీద సిగ్నల్ అంకె చదవాలి, ఆమె దాన్ని పైకి కేకెయ్యాలి.

"ఎంతుంది?"

"ఎంతుందత్తయ్యా?"

"ఎనభై అయిదు!"

సైంటిస్టు చేతులు దులుపుకుంటూ దిగొచ్చాడు. తెర నల్లగా ఉంది. తెర మీద రెండు గీతలుంటాయనీ, పై గీత డిష్‌ని గోడకేసి తిప్పినా ఎనభై అయిదే చూపిస్తుందనీ, చూడాల్సింది కింది గీత అనీ, అక్కడున్నది సున్నా అనీ అప్పుడు తేలింది.

"రెండున్నాయని నాకెవరు చెప్పారు?" అంది అత్తగారు.

"కనపడలేదా? కళ్ళజోడు చేసిచ్చింది నేనే కదమ్మా!"

"అందుకే కనపడలేదేమో."

మళ్ళీ మొదటికొచ్చారు. సున్నా. సున్నా. సున్నా. అరగంట గడిచేసరికి, కొడుకు ఎండలో మాడిపోతున్నాడని తల్లి ప్రాణం ఉండబట్టలేకపోయింది. "ముప్ఫై" అంది. కాసేపటికి "నలభై" అంది. ఆమె మెట్లు దిగొచ్చి చూస్తే సున్నా సున్నాలాగే ఉంది.

"సున్నాని పట్టుకుని నలభై అంటారేంటత్తయ్యా?"

"పొద్దున్నుంచీ కష్టపడుతున్నాడు, ఆ మాత్రం వెయ్యకూడదూ? నీ పేపరు దిద్దినవాడికీ ఇంత జాలుంటే ఇవాళ ఈ గొడవే ఉండేది కాదు."

ఆ జాలి మార్కుల్ని నమ్ముకుని సైంటిస్టు డిష్‌ని అటే తిప్పుకుంటూ పోయాడు. పదిన్నరకి నిజంగానే డెబ్బై వచ్చింది. బొమ్మ వచ్చింది, పాట వచ్చింది. రానిదల్లా భాష. దొరికింది వేరే ఎవరిదో ఉపగ్రహం. ముప్ఫై చానళ్ళలో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అందులో ఒకదాన్లో పెళ్ళిబట్టల్లో ఉన్న ఒక పిల్ల కుమిలి కుమిలి ఏడుస్తోంది.

అత్తగారు కుర్చీ ముందుకు లాక్కుంది. "ఆ మీసాలవాడు మంచివాడు కాదు."

"మీకెలా తెలుసు? వాళ్ళ భాషే రాదుగా?"

"మీసాలకి భాషెందుకే?"

"ఇది మనది కాదులే, ఇంకాస్త తిప్పాలి," అని లేచాడు సైంటిస్టు.

"ముట్టుకున్నావంటే చూడు! ఆ పిల్ల సంగతి తేలాలి."

"పదకొండింటికి నా పాఠం అత్తయ్యా," అంది ఆమె, నోటుబుక్కు చూపిస్తూ.

"నీ పాఠం పుస్తకంలో ఉంది. ఈ పిల్ల ఏ పుస్తకంలో ఉంది?"

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అదే తప్పయింది. వీళ్ళు తను చూడకుండా తిప్పేస్తారని అత్తగారికి అర్థమైపోయింది. స్టూలు చంకన పెట్టుకుని డాబా ఎక్కి, డిష్ పక్కనే వేసుకుని కూర్చుంది. కాపలా కాస్తే చూడ్డం కుదరదు, చూస్తే కాపలా కుదరదు. అందుకని చూసే పని కోడలికి అప్పగించింది.

"అక్కడ జరిగేది జరిగినట్టు కిటికీలోంచి చెబుతుండు!"

సైంటిస్టు తన రెండు గంటల సెలవు అయిపోయిందని గుర్తుచేసుకుని, చాలా బాధ్యతగా కొట్టుకు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. డిష్ మరలు బిగించడానికి ఆయన తెచ్చుకున్నది కళ్ళజోళ్ళకు వాడే స్క్రూడ్రైవరు. అది ఆ మరల గాడిలో ఒక మూలకే ఆనింది. మిగతాది చేత్తోనే తిప్పి, వదులుగానే వదిలేశాడు.

పదకొండుకు మూడు నిమిషాలుంది. ఆమె నోటుబుక్కు మూసేసి దాని మీద తల ఆనించింది. పైన అత్తగారికి నడుం లాగింది. వెనక్కి జరిగి, డిష్ నిలబెట్టిన గొట్టానికి హాయిగా జేరగిలబడింది. కింద తెర నల్లబడింది. పోతే పోయిందని ఆమె రిమోటులో చానళ్ళు వెతికే మీట నొక్కింది. నల్లబల్ల వచ్చింది. సుద్దముక్క వచ్చింది.

"ఎత్తులు, దూరాలు. రాసుకోండి," అన్నాడు మాస్టారు, చక్కటి తెలుగులో.

"ఏమైందే? ఏడుస్తోందా?" పైనుంచి కేక. అత్తగారు ముందుకు వంగినట్టుంది, మాస్టారు గళ్ళుగళ్ళుగా చెదిరిపోయాడు.

ఆమెకు ఆ జన్మలో ఏ సూత్రమూ అంత త్వరగా అర్థం కాలేదు. "వెనక్కి ఆనుకోండత్తయ్యా! ఆనుకుంటేనే చెబుతా!"

మాస్టారు అతుక్కున్నాడు. ఆమె ఒక చేత్తో రాస్తూ కిటికీలోంచి కథ అందుకుంది.

"పిల్ల మేడ మీద ఉంది."

"అయ్యో! ఎందుకూ?" మాస్టారి తల ఎగిరిపోయింది.

"ఊరికే! గాలి కోసం! హాయిగా ఉంది!" తల తిరిగొచ్చింది. ఆ కథలో ఎవరూ ఏడవకూడదని, ఎవరూ నవ్వకూడదని కూడా ఆమెకు తెలిసింది.

"మరి మీసాలవాడు?"

"ముప్ఫై మీటర్ల దూరంలో నిలబడ్డాడు."

"అంత కచ్చితంగా ఎలా తెలిసిందే?"

"రాసి చూపిస్తున్నారు."

"ఏం చేస్తున్నాడు?"

"అరవై డిగ్రీల కోణంలో పైకి చూస్తున్నాడు."

"ఛీ, ఏం చూపది! నేను ముందే చెప్పలా? పిల్ల వాడికి అందదు కదా?"

ఆమె పెన్ను కాగితం మీద పరుగెత్తింది. ముప్ఫై ఇంటూ రూట్ మూడు. రెండుసార్లు సరిచూసుకుంది.

"అందదత్తయ్యా! దాదాపు యాభై రెండు మీటర్ల ఎత్తులో ఉంది!"

అప్పుడు మాస్టారు బల్ల వైపు తిరిగి, మెల్లగా, 51.96 అని రాశాడు.

పైన అత్తగారు నిశ్చింతగా నిట్టూర్చింది, అదృష్టం కొద్దీ వెనక్కి ఆనుకునే. కింద ఆమె నోటుబుక్కులో పేజీ తిప్పింది. మాస్టారు తరవాతి లెక్క మొదలుపెట్టాడు. అది అయ్యాక ఇంకో పాఠం ఉందట, సాయంత్రం నాలుగింటి దాకా ఉన్నాయట.

ఆ వీధిన పోయేవాళ్ళెవరైనా ఉంటే దయచేసి ఒక్కసారి తలెత్తి, డాబా మీద పెద్దావిడ బాగానే ఉందో లేదో కనుక్కోండి. కాసిని మంచినీళ్ళివ్వండి, గొడుగుంటే పట్టండి. లేవమని మాత్రం అనకండి.