జిగురు ఊడేలోగా

టైలరు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. సైకిలెక్కి వదినగారింటికి వెళ్ళాలి, కొత్తగా కుట్టిన నీలం జాకెట్టు భార్య చేతిలో పెట్టాలి, పదకొండింటి రైలెక్కకుండా ఆమెను ఇంటికి తెచ్చుకోవాలి. ఆ రైలెక్కిందంటే అక్కతో కలిసి అక్క కూతురి పురిటికి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

ఆమె అలిగిందే ఆ సైకిలు మీద. వెనక సీటున్న పాతది అమ్మేసి పందాల సైకిలు కొనుక్కొచ్చాడు. "మరి నేనెక్కడ కూర్చోవాలి?" అని అడిగింది. "బరువు పెరిగితే దీని వేగం తగ్గుతుందే" అన్నాడు. నోరు జారిన మాట వెనక్కి రాదు కదా. అప్పటినుంచి ఇల్లు ఇల్లులా లేదు. కుట్టుమిషను ఆపితే చాలు, వంటగదిలో గిన్నె చప్పుడు కోసం చెవి అటే పోతోంది. మొన్నయితే రెండు గ్లాసుల్లో టీ పోసి, రెండోది చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు.

సగం దారిలో వెనక చక్రం సుయ్‌మంది. సైకిలు షాపతను టైరు నొక్కి చూసి పెదవి విరిచాడు.

"ఇది ట్యూబులర్ టైరు. ట్యూబు లోపలపెట్టి దిండు గలీబులా చుట్టూ కుట్టేస్తారు, రిమ్ముకు జిగురేసి అంటిస్తారు. కుట్లు విప్పందే పంచరు వెయ్యలేను. ఎవరు కుట్టారు, ఇంత ముచ్చటగా?"

"నేనే. నిన్న పంచరు పడితే."

"జిగురు పట్టున్నంతసేపు ఊడదు. రిమ్ము మీద ఆశ వదులుకుంటే తొక్కుకుంటూ పో."

టైలరు ఆశ వదులుకున్నాడు. టపటపమంటూ, తాగినవాడిలా తూలుతూ సైకిలు సాగింది. మలుపులో లాయరు ఎదురొచ్చి, "నా కోటేదయ్యా?" అన్నాడు.

"ఇప్పుడాగలేను లాయరుగారూ, అవతల రైలుంది."

రైలన్నాడంటే ఊరొదిలి పోతున్నాడని లాయరు ఖాయం చేసుకున్నాడు. వెంటపడ్డాడు. మంగలిషాపులో గడ్డం గీయించుకుంటున్న పెళ్ళికొడుకుని చూసి, "నీ ప్యాంట్లూ గోవిందా, లే" అన్నాడు. పెళ్ళికొడుకు సగం నురగతో పరిగెత్తాడు. అతని మెడలో ఉన్న గుడ్డ తనది కాబట్టి మంగలీ పరిగెత్తాడు.

వదినగారి గేటు దగ్గరికి వచ్చేసరికి జిగురు వదిలేసి, టైరు చక్రానికి వేలాడింది. సంచి పట్టుకుని ఆటో కోసం నిలబడ్డ భార్య ఈ ఊరేగింపుని కిందికీ పైకీ చూసింది.

"నన్ను ఒప్పించడానికి పెద్దమనుషుల్ని వెంటేసుకొచ్చారా? సగం గడ్డమాయన కూడా పెద్దమనిషేనా?"

"నేను తేలేదే. వాళ్ళే వచ్చారు."

జాకెట్టు ఆమె చేతిలో పెట్టాడు. అలవాటుకొద్దీ ఆమె కుట్టు వెంబడి బొటనవేలు పోనిచ్చింది. చంక దగ్గర గుండుసూది తగిలింది.

"నా ప్యాంటులోనూ ఒకటుందమ్మా" అన్నాడు లాయరు ఆయాసపడుతూ. "కోర్టులో కూర్చోగానే లేచి నిలబడ్డాను. జడ్జిగారు అభ్యంతరం ఏమిటని అడిగారు. మీరు వెళ్ళినప్పటినుంచీ ఇదే వరస."

"నేను పీటల మీద చాలాసేపు కూర్చోవాలి" అన్నాడు పెళ్ళికొడుకు దీనంగా.

ఆమె వంగి, వేలాడుతున్న టైరు కుట్టు కూడా తడిమింది. అక్కడా ఒక సూది తల.

"కుట్టేముందు సూదులు గుచ్చారు. తర్వాత తియ్యలేదు. అంతేనా?"

"తీసేది ఎప్పుడూ నువ్వే కదే" అన్నాడు టైలరు. "నువ్వు లేని ఇంట్లో ఉండలేకపోతున్నాను."

ఆమె టైరులోని సూదిని లాగి తన కొంగుకు గుచ్చుకుంది.

"అక్కా, ఈసారికి నువ్వెళ్ళు."

"వెళ్తాలే. పురిటింట్లో సూదులు తీసే పనేమీ లేదు" అంది గుమ్మంలోంచి వదిన.

కస్టమర్లు ముందు నడిచారు. టైలరు ఒక చేత్తో సైకిలు తోస్తూ, రెండో చేత్తో సంచి మోస్తూ, భార్య పక్కన నడిచాడు. వీధి ఎప్పటికంటే చిన్నదైపోయిందని బాధపడ్డాడు.

ఆ టైరు బాగుచేసుకోవడానికి అతనికి ఇంతవరకూ తీరిక దొరకలేదు.