కాల్ కట్టయింది

ఆ ఉదయం అల్లుడి ప్రణాళిక చిన్నది: వర్షమాపకం తుడవాలి, కాఫీ తాగాలి, మామగారికి ఎదురుపడకుండా మధ్యాహ్నం దాకా నెట్టుకురావాలి. కొండ కొసన ఒంటరిగా నిలిచిన ఆ వాతావరణ కేంద్రానికి అతడే అధికారి, అతడే సిబ్బంది. చుట్టపుచూపుగా వచ్చిన మామగారి ప్రణాళిక వేరు. చూరు కింది కందిరీగల పట్టును చీపురుతో దులపాలని ఆయన సంకల్పించారు. దులిపారు.

"ఏవండీ! నాన్నకి ఊపిరాడట్లేదు!" అని భార్య కేక వేసింది.

మామగారి ముక్కు బుంగలా ఉబ్బింది, పెదవులు బిగుసుకున్నాయి. మూడు పూటలా అల్లుణ్ణి ఆడిపోసుకునే గొంతులో ఇప్పుడు ఈల తప్ప మాట లేదు.

ఆ కొండ మీద సిగ్నల్ దొరికేది ఒక్కచోటే: డాబా మీది నీళ్ల ట్యాంకు అంచున, ఒంటికాలి మీద నిలబడి, ఫోన్ స్పీకరు పెట్టి, చెయ్యి ఆకాశానికి చాపితే. అల్లుడు ఎక్కాడు, చాపాడు, అంబులెన్సు వాళ్లకు చోటు చెప్పాడు. అంతలో లైన్ పోయింది. మళ్లీ చేశాడు.

"ఇందాక కాల్ కట్టయిందండీ!"

"అయ్యో, కాలు కట్టయిందా! ఎవరిదండీ?" అంది ఆపరేటరు.

"నాదేనండీ."

"మీదా! ఇప్పుడెలా ఉన్నారు?"

"ఒంటికాలి మీద ఉన్నాను. రెండోది కింద పెడితే మీరు వినపడరు."

"భగవంతుడా! ఎలా జరిగింది?"

"కందిరీగలండీ, మా మామగారిని కుట్టేశాయి!" అన్నాడతడు. గాలి సగం మాటలు మింగేసి, 'మామగారు', 'కుట్టే' అన్న రెండింటినే అవతలికి చేర్చింది.

"మామగారు కుట్టేస్తున్నారా? వద్దనండి! డాక్టర్లు కుడతారు. మీరు ముక్కను తడిగుడ్డలో చుట్టి ఐసులో పెట్టండి. బండి బయల్దేరింది!"

ఆ గరగరలో 'ముక్క' కాస్తా 'ముక్కు'గా మారి అల్లుడి చెవిన పడింది.

"ఏమేవ్! ముక్కుకి తడిగుడ్డ చుట్టి ఐసు పెట్టమంటున్నారు!"

"మనం చెప్పకుండానే వాచింది ముక్కు అని కనిపెట్టారా! ఎంత చదువుకున్నారో!" అంటూ భార్య ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తింది.

ఐసు కరిగింది, వాపు తగ్గింది. మామగారికి నిండు ఊపిరి వచ్చింది. దాని వెనకే మాటా వచ్చింది.

"ట్యాంకు మీద ఆ కొంగజపం ఏమిటి అల్లుడూ? దిగు!"

అప్పుడే మలుపులో సైరన్ వినిపించింది. "వచ్చేశారు!" అని అల్లుడు రెండు చేతులూ ఊపాడు. అంత ఆనందానికి ఒక్క కాలు చాలలేదు.

ఐసు పెట్టె మోసుకొచ్చిన అంబులెన్సు ఉద్యోగి, పెరట్లో పడి మూలుగుతున్న మనిషిని పరీక్షగా చూశాడు.

"కాలు తెగిందన్నారు. ఇది విరిగింది కదండీ! ఫోన్లో కాస్త సరిగ్గా చెప్పాలి."

"నేనూ అదే అంటాను బాబూ," అన్నారు మామగారు. తోడుగా ఆయనే బండి ఎక్కి, ఆసుపత్రి వచ్చేదాకా ఆ విషయం మీదే మాట్లాడారు.

కట్టయిన కాల్ రెండో ప్రయత్నానికే కలిసింది. కాలు కలవడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.