పిన్ని గ్రూపు వదిలిన కేసు

మార్చి నెల రెండవ శనివారం ఉదయం పెద్దమ్మగారింటి ముందుగదిలో ఈ క్రిందివారు హాజరై ఉన్నారు: మంచం మీద, కుడికంట శుక్లంతో పెద్దమ్మ, కుర్చీలో ఆమె అల్లుడు, అనగా నాకు బావ, కూర్చోమని ఎవరూ అననందువల్ల గోడవారగా నిలబడి నేను. బల్ల మీద ఆసుపత్రివారిచ్చిన అంగీకారపత్రం సంతకం లేకుండా పడి ఉంది.

బావ వృత్తిరీత్యా కళ్ళజోళ్ళ దుకాణదారు, ప్రవృత్తిరీత్యా అపరాధ పరిశోధకుడు. ‘డేగకన్ను’ అన్న బిరుదును తనకు తానే ప్రదానం చేసుకుని, తానే స్వీకరించాడు.

“ఈ శతాబ్దంలో నా కంటికి చిక్కని నేరం పుట్టలేదు. పుట్టినా బతకదు,” అని ప్రకటించి, ఆయన తన కళ్ళజోడు కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు. అది నుదుటి మీదే ఉందని పెద్దమ్మ ఒంటికంటితోనే గుర్తించి చెప్పింది.

నేరం వివరాలివి. టెలిఫోను శాఖవారు ఇంటి ఫోను తీగ కోసేయడంతో పల్లెలో ఉన్న పిన్ని గత నెలలోనే కొత్త ఫోను కొన్నది. నేనే ఆమెను మా కుటుంబం గ్రూపులో చేర్చాను. గురువారం సాయంత్రం పెద్దమ్మ అందులో, “సోమవారం కంటి ఆపరేషన్. నువ్వు పక్కనుంటే ధైర్యం,” అని రాసింది. పిన్ని “సరే.” అని జవాబిచ్చింది. దాని కిందే, పిన్ని గ్రూపు నుంచి వైదొలగినట్టు బూడిదరంగు అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి.

పూర్వం అక్కచెల్లెళ్ళ అలకలు వంటింటి గడప దాటేవి కావు. ఇది మాత్రం ఊరూరా ఉన్న బంధువులందరి అరచేతుల్లో ఏకకాలంలో వెలిసింది. ఒకరు ఏడుపు బొమ్మ పెట్టారు. ఒకరు చేతులు జోడించారు. సంగతి తెలియని ఒక మామయ్య ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు తెలిపాడు.

పెద్దమ్మ మాత్రం పట్టుబట్టింది. చెల్లెలు రాకుండా కన్ను కత్తి కింద పెట్టనని, కాగితం మీద సంతకం చేయనని తేల్చి చెప్పింది. ఇంకా ఆలస్యమైతే శుక్లం ముదిరి చూపే దక్కకపోవచ్చని డాక్టరు అంతకుముందే హెచ్చరించి ఉన్నాడు. ఒక్కసారి ఫోను చేసి కనుక్కోమని నేను సలహా ఇస్తే, “గ్రూపు వదిలింది అది. చెయ్యాల్సిందీ అదే,” అని గోడవైపు తిరిగి పడుకుంది.

బావ ఈలోగా భూతద్దంతో ఫోను తెరను పరీక్షిస్తున్నాడు.

“‘సరే’ తర్వాత ఆ చుక్క చూశావా? కణత మీద తుపాకీ ఆనించి పెట్టించిన చుక్క అది.”

“పిన్నికి తుపాకీ ఎవరు పెడతారు బావా? ఆవిడ గొంతు వింటే పక్కింటి కుక్క మంచం కింద దూరుతుంది.”

“అదే నేననేది. అలాంటి మనిషినే లొంగదీశాడంటే వాడు సామాన్యుడు కాదు.”

మధ్యాహ్నానికి మేము పిన్ని ఉండే పల్లెలో బస్సు దిగాము. బావ ఫోను లైన్‌మాన్ వేషంలో ఉన్నాడు: ఖాకీ టోపీ, చేతిలో స్క్రూడ్రైవరు, సొంత మీసం మీద పెట్టుడు మీసం. గుమ్మం ముందు చొక్కా జేబులోని ఫోను మీద ఏదో నొక్కి, ఇకపై నేరస్థుల ప్రతి మాటా రికార్డవుతుందని నా చెవిలో చెప్పాడు.

పిన్ని తలుపు తీసింది.

“అల్లుడుగారా, రండి. మీసం ఊడుతోంది, చూసుకోండి.”

“నేను లైన్‌మాన్‌ని. మీ లైను తనిఖీ చెయ్యాలి.”

“ఆ లైను పోయి నెలయింది నాయనా. మంచినీళ్ళు తాగుతారా?”

పిన్ని ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్చేంజిలో లైన్లు కలపడంతోనే గడిచింది. చెవులకు పెట్టుకునే ఆనాటి పరికరం ఇప్పటికీ మేకుకు వేలాడుతోంది. దాని కింద, తలుపు పక్కనే, నిండుగా సర్దిన సంచీ కనిపించింది. బావ నన్ను మోచేత్తో పొడిచి, పరారీకి సర్వం సిద్ధమైందని కళ్ళతో సూచించాడు.

“ఈ సంచీ ఎక్కడికి?” అన్నాడు గొంతు మార్చి.

“అక్కయ్య దగ్గరికి. రేపు పొద్దున బస్సుకి. సరే అన్నానుగా.”

“మరి గ్రూపులోంచి ఎందుకెళ్ళిపోయావు పిన్నీ?” అని నేనడిగాను.

పిన్ని నన్ను కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి చూసినట్టు చూసింది.

“మాటయిపోయాక లైను పట్టుకుని కూర్చుంటారట్రా? తీగ పీకెయ్యాలి. లేకపోతే కాచుకున్నవాళ్ళకి లైను దొరకద్దూ? మీరంతా రోజల్లా దాని మీదే పడి ఉంటున్నారు. నేనైనా ఖాళీ చేద్దామని దిగిపోయా. అవసరమైతే మళ్ళీ నువ్వే కలుపుతావుగా.”

నాకు అర్థమైంది. బావకు కాలేదు. ఇదంతా కట్టుకథ అని, అత్తగారికీ ఈమెకూ మధ్య తరాల నాటి పగ ఉన్నదని ఆయన ఉపన్యాసం ఎత్తుకున్నంతలో, ఆయన ఛాతీ మాట్లాడింది.

“అల్లుడుగారూ, కాసేపు నోరు మూసుకుంటారా? చెల్లితో మాట్లాడాలి.”

డేగకన్ను రెండు చేతులూ పైకెత్తి నిలబడిపోయాడు. గుమ్మం ముందు ఆయన నొక్కింది రికార్డు కాదు, గ్రూపు కాల్. పెద్దమ్మే కాదు, మావాళ్ళందరూ మొదటినుంచీ వింటున్నారు.

పిన్ని ఆయన జేబుకు దగ్గరగా వంగింది.

“అలిగావనుకున్నానే,” అన్నది జేబు.

“అలగడానికి తీరికేదక్కా? సంచీ సర్దుకోవద్దూ?”

జేబు గొంతు తగ్గించింది.

“భయంగా ఉందే.”

“నేనొస్తున్నాగా. నీ పక్కనే కూర్చుంటా. సంతకం పెట్టు.”

బంధువుల నుంచి ఒక్క బొమ్మ కూడా రాలేదు. “ఇక ఉంటానక్కా,” అంటూ పిన్ని అలవాటు చొప్పున జేబులోకి వేలు పోనిచ్చి, అందినవన్నీ నొక్కి, లైను ఖాళీ చేసింది. డేగకన్ను కూడా గ్రూపు నుంచి వైదొలగినట్టు తిరుగు బస్సులో నా ఫోను తెలియజేసింది. ఆయనను మళ్ళీ చేర్చమని ఇంతవరకు ఎవరూ కోరలేదు.

ఆదివారం మధ్యాహ్నం అదే గదిలో అదే మనుషులు, అదనంగా పిన్ని. కేసును ఛేదించిన పద్ధతిని బావ వివరిస్తుండగా, పిన్ని అక్క చేయి పట్టుకుని సంతకం చేయవలసిన చోటికి జరిపింది. పెద్దమ్మ చేసింది. పని ముగిసింది కనుక పిన్ని నియమం ప్రకారం చేయి వదిలేయాలి. వదలలేదు. అందువల్ల ఆ కాగితాన్ని మడిచి సంచీలో పెట్టే బాధ్యత నా మీద పడింది.