తెర మీద తిరిగే కన్ను

వెబ్ పేజీ అడగ్గానే తెరుచుకోవడమంత అనాగరికం ఇంకొకటి లేదు! ఈ మాటన్నందుకు నన్ను తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి.

ఇన్నాళ్లూ బ్రౌజర్‌కీ, కంప్యూటర్‌లో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్‌కీ నేరుగా మాటల్లేవు. అలిగిన మొగుడూ పెళ్లాల్లా మధ్యలో ఎవరి చేతో కబురు పంపుకునేవి. ఇకమీదట ముఖాముఖి మాటలేనట. అందుకో కొత్త ప్రమాణం, అంటే అందరూ పాటించాల్సిన పద్ధతి, తయారవుతోంది. అయితే ఏ భాషలో మాట్లాడుకోవాలన్న దగ్గర పెద్ద పెద్ద కంపెనీలు జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి.

కొట్లాట దేనికనుకున్నారు? త్రిభుజానికి! తెర మీద కనిపించే బొమ్మంతా బుల్లి బుల్లి త్రిభుజాలేనట. వాటిని గియ్యమని చిప్‌కి ఎలా చెప్పాలన్నదే తగువు. నేను బడి మానేసింది సరిగ్గా త్రిభుజం దగ్గరే. మాస్టారు నన్ను మొద్దన్నారు. ఇవాళ మేధావులంతా వచ్చి అక్కడే ఆగారు. నా ఛాతీ ఉప్పొంగదా మరి!

ఇక లాభాలు చూడండి. మా బావ దర్జీ. రెండు కళ్లలోనూ శుక్లం ముదిరింది. ఇంకా ఆలస్యం చేస్తే చూపు దక్కదన్నారు. ఆపరేషన్‌కి తేదీ మాత్రం ఆసుపత్రి వెబ్ పేజీలోనే తీసుకోవాలి. ఫోన్ పీకేశారు. పాతకాలపు వస్తువు కదా!

మా ఇంట్లో పేజీ తెరిచాం. ఆహా! తెర నిండా ఒక కన్ను గుండ్రంగా తిరుగుతోంది. ఎర్రటి నరాలు, కనుపాప మీద కిటికీ వెలుగు, రెప్ప చివర తడి! నా కంప్యూటర్ ఫ్యాన్ రొప్పింది. కన్ను సగం తిరిగి, తెల్లగుడ్డు మా వైపు పెట్టి ఆగిపోయింది.

"ఏం కనిపిస్తోందిరా?" అన్నాడు బావ.

"కన్ను, బావా."

"అది నా దగ్గరా ఉందిగా! తేదీ ఏదిరా?"

"మన బ్రౌజర్ కొత్త ప్రమాణానికి సరిపోదంటోంది."

"మీ బావ నీ చొక్కాకి చేతులు కుట్టకుండా పువ్వులు కుట్టి ఇస్తే ఊరుకుంటావట్రా?" అంది అక్క. అక్కకి కళాదృష్టి బొత్తిగా లేదు.

బావా, నేనూ ఆసుపత్రికే వెళ్లాం. కుర్చీలన్నీ ఖాళీ. డాక్టరుగారు తలుపు బార్లా తీసుకుని గోళ్లు కత్తిరించుకుంటున్నారు.

"అయ్యగారు ఖాళీగానే ఉన్నారుగా అమ్మా?" అని కౌంటర్లో అమ్మాయిని అడిగాడు బావ.

"ఖాళీయేనండీ. పేజీలో పేరు రానిదే చూడరు. కొత్త పేజీ పెట్టాక ఒక్క పేరూ రాలేదు. ఊళ్లో అందరి కళ్లూ బాగుపడ్డాయని మా మేనేజర్‌గారు తెగ సంతోషపడుతున్నారు."

"పోనీ, నువ్వే తెరిచి నా పేరు పెట్టమ్మా."

"మా కంప్యూటర్‌లో ఆ కన్ను కూడా రాదండీ!"

చూశారా? ఒక్క మందు చుక్క వెయ్యకుండా ఊరందరి కళ్లూ బాగుచేసింది ఆ కొత్త ప్రమాణం! తగువు తేలకముందే ఇంత మేలు చేస్తే, తేలాక ఇంకెంత చేస్తుందో!

బావ ఇప్పుడు గుడ్డ తడిమి కుడుతున్నాడు. మొన్న నాకో చొక్కా కుట్టాడు. "బాగా కుదిరిందట్రా?" అని మొహంలో మొహం పెట్టి అడిగాడు. బ్రహ్మాండంగా కుదిరింది బావా అన్నాను. జేబు వీపు మీద ఉంది.

కంపెనీల పెద్దలకు నాదొక్కటే మనవి. మీ త్రిభుజం సంగతి నిదానంగానే తేల్చుకోండి. ఈలోగా ఆ కన్నుని తిప్పినట్టే నన్నూ కాస్త తిప్పే ఏర్పాటు చెయ్యండి. రాయడం అయిపోయింది, కలం జేబులో పెట్టుకోవాలి.